సగం ధరకు వచ్చిన చెవి

ఆ అమ్మాయి గొంతుకు ఏ జబ్బూ లేదు. గొంతు బాగోలేదని ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంది. పావుగంట సేపు అడిగిన ప్రతి అక్షరాన్నీ శుభ్రంగా పలికింది. చివరికి తల వంచుకుని, "మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి మేడమ్. కానీ మీ గొంతు నాకు ఏడు నెలలుగా తెలుసు," అంది. పోయిన వారం మాటల డాక్టరమ్మను మనం వదిలిపెట్టింది సరిగ్గా ఆ మాట దగ్గరే.

మాటల డాక్టరమ్మ అనేది ఆ వీధివాళ్ళు పెట్టిన పేరు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకీ, నత్తితో నలుగురిలో నోరు విప్పలేనివాళ్ళకీ మళ్ళీ మాట నేర్పడం ఆమె పని. మందుల షాపు పైన రెండు గదులు. ముందు గదిలో ఒక బెంచీ. లోపలి గదిలో రెండు కుర్చీలు, నిలువుటద్దం, బొమ్మల కార్డుల పెట్టె. కిటికీ గట్టు మీద, బూడిదరంగు బట్ట చుట్టిన గుప్పెడంత స్పీకరు, నోటితో చెబితే లైటు వేసేది, అడిగింది చదివి వినిపించేది.

"ఎక్కడ విన్నావమ్మా నా గొంతు?" అని అడిగిందామె. ఏ స్కూలు మీటింగులోనో అంటుందనుకుంది.

ఆ అమ్మాయి కిటికీ గట్టు వైపు వేలు చూపించింది. "దాంట్లో."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆ అమ్మాయే మెల్లిగా చెప్పుకొచ్చింది.

"ఆ స్పీకర్ల కంపెనీలో మాది వినే పని మేడమ్. అరవై మందిమి ఒక ఫ్లోరులో కూర్చుంటాం. హెడ్‌ఫోన్లలో ముక్కలు ముక్కలుగా మాటలు వస్తాయి. మిషను రాసింది కరెక్టో కాదో చూసి దిద్దాలి. పేర్లుండవు, నంబర్లే. అయినా రోజూ వింటుంటే మనిషి తెలిసిపోతారు కదా. 'తొందరేం లేదు, తప్పుగా అన్నా పర్వాలేదు, అనండి' అంటుంటారు మీరు. ఆ మాట నేను కొన్ని వందలసార్లు టైపు చేశాను."

"పిలిస్తేనే కదా అది వినేది. మా ఆయనే చెప్పారు. ఆయనదీ ఆ కంపెనీయే."

"బయట షాపులో కొన్నవి అంతే. స్టాఫ్ డిస్కౌంట్‌లో ఇచ్చేవి ట్రయల్ పీసులు. వాటిని పిలవక్కర్లేదు, గదిలో మనిషి మాట వినపడితే చాలు. అందుకే సగం ధర." ఒక్క క్షణం ఆగి, "మాకు ఆ డిస్కౌంట్ కూడా లేదు మేడమ్. మేం కాంట్రాక్టు. మాకు వినడం ఒక్కటే," అంది.

"మరి ఈ చోటు ఎలా తెలిసింది నీకు?"

"మెట్లెక్కి వచ్చినవాళ్ళు కింద మందుల షాపు పేరు చెప్పి ఆయాసపడుతుంటారు కదా. దాన్నిబట్టి వెతుక్కున్నాను."

ఇంత తేలికా, అనుకుంది ఆమె.

ఆ అమ్మాయి అంత దూరం వచ్చింది ఇది చెప్పడానికి మాత్రమే కాదు. ఆ సాయంత్రం కంపెనీలో ఫంక్షన్ ఉందట. మాట పడిపోయినవాళ్ళ గొంతును కూడా తమ స్పీకరు అర్థం చేసుకుంటుందని అందరి ముందూ చూపిస్తారట. అందులో ఒక పెద్దాయన మొదటిసారి పూర్తిగా పలికిన వాక్యం వినిపిస్తారట.

"మీరు మాస్టారూ అని పిలుస్తారే, ఆయనది. అందరికీ అది మామూలు వాక్యమే. అంతకుముందు రోజులవి కూడా విన్నాను కాబట్టి నాకు తెలుసు. అది బయట పడాల్సిన మాట కాదు మేడమ్. ఆపించగలిగితే మీరే ఆపించాలి."

ఇంకేం అడిగే లోపే ఆ అమ్మాయి చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. వచ్చినట్టు తెలిస్తే ఉద్యోగం పోతుందని పోతూ పోతూ అంది.

మాస్టారంటే పాటల మాస్టారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లలకు పాట నేర్పిన మనిషి. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పోయాయి. మొదట్లో 'లైటు' అనడానికి నానా తంటాలు పడేవారు. ఆయన 'లైటు' అంటే స్పీకరుకి 'రైతు' అని వినపడి పంటల ధరలు చదవడం మొదలుపెట్టేది. గదిలో మాస్టారూ, ఆయన భార్యా, డాక్టరమ్మా ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. కానీ దానికి విసుగు లేదు, ఎన్నిసార్లు తప్పు పలికినా జాలిపడదు. మనుషుల ముందు సిగ్గుపడే మాస్టారు దాని ముందు గంటలు గంటలు పలికేవారు. నాలుగో నెలలో గదిలో లైటు వెలిగింది. ఆ రోజు బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇది మా ఇంటికి కూడా ఒకటి ఇప్పించమ్మా," అంది. డాక్టరమ్మ ఆవిడను పిన్నిగారూ అని పిలిచేది. భర్త చేత డిస్కౌంట్‌లో తెప్పించి, స్వయంగా వాళ్ళింటికి పట్టుకెళ్ళి, గూట్లో పెట్టి వచ్చింది. అలా మొత్తం పద్నాలుగు ఇళ్ళకి ఆమె తన చేత్తోనే ఇచ్చింది.

ఇక ఆ వాక్యం. మూడు వారాల కిందట, తలుపు వేసిన గదిలో, ఇరవై నిమిషాలు పెనుగులాడి మాస్టారు అన్న మాట అది. "ఆ రోజు... పాపని... నేను చూడలేదు. నిద్రపోయాను." అంతకుముందు రోజుల్లో ఒక్కో మాటగా ఆయన చెప్పుకొచ్చింది ఇదీ: నాలుగేళ్ళ కూతురు పెరట్లో నీళ్ళ తొట్టిలో పడి చనిపోయి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. పోస్టుమ్యాన్ పిలిస్తే గుమ్మం దాకా వెళ్ళొచ్చేలోగా అంతా అయిపోయిందని ఆయన భార్యకు చెప్పారు. రెప్పపాటులో జరిగిందానికి ఎవరేం చేస్తారని ఆవిడ అన్నేళ్ళూ ఆయన్నే ఓదార్చింది. నిజానికి ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. మాట తిరిగి రాగానే ఆయన ముందుగా దించుకున్న బరువు అది. చెప్పి, భార్య బయట బెంచీ మీదుందని తలుపు వైపు చూపించి, ఎడమచేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఈ గదిలో మాట గడప దాటదని డాక్టరమ్మ ఆయనకు మాటిచ్చింది.

ఆమె లేచి స్పీకరు ప్లగ్గు పీకేసింది. దాన్ని గుడ్డసంచిలో పడేసి, తలుపు మీద 'ఈరోజు సెలవు' అని అట్ట తగిలించి, బస్సెక్కింది. తన భర్తకు తెలియదేమో అని దారి పొడుగునా మనసుకి నచ్చజెప్పుకుంటూనే ఉంది. పదహారేళ్ళ కాపురం. పెన్ను రాయకపోయినా తనకు చెప్పే మనిషి. కింద పనిచేసేవాళ్ళు ఆయనక్కూడా తెలియకుండా చేసి ఉంటారు. తెలిస్తే ఊరుకుంటారా?

ఆఫీసు కింది అంతస్తులో ఉద్యోగుల కౌంటర్ ముందు చాంతాడంత క్యూ ఉంది. 'మనవాళ్ళకి మన ధర' అని పైన బోర్డు. ఒకరు అత్తగారికట, ఒకరు చెల్లెలి కొత్త కాపురానికట, చంకలో పెట్టెలతో నవ్వుకుంటూ నిలబడ్డారు. పోయిన ఏడాది తనూ అక్కడే నిలబడింది. ఆయన స్నేహితుల వాటాలు కూడా అడిగి తీసుకుని, ఆరు పెట్టెలు ఆటోలో వేసుకెళ్ళింది. క్యూలో ఉన్న ఒక్కొక్కరినీ పట్టుకుని ఆపాలనిపించింది. ఏమని ఆపుతుంది?

భర్త లిఫ్టులోంచి వచ్చాడు. పొద్దున తను ఇస్త్రీ చేసి ఇచ్చిన నీలం చొక్కా. మెడలో కొత్త కార్డు.

"ఇదేంటి, చెప్పకుండా వచ్చావ్? మంచిదేలే, ఫంక్షన్ చూసి పోదువు. రా, పైన కూర్చుందాం."

తీసుకెళ్ళింది నమూనా ఇంటికి. ఆఫీసు మధ్యలోనే కట్టిన ఇల్లది. సోఫా ఉంది, ఎవరూ వండని వంటగది ఉంది, ముడత పడని దుప్పటితో మంచం ఉంది. ప్రతి గూట్లోనూ ఒక బూడిదరంగు స్పీకరు. కొనడానికి వచ్చినవాళ్ళకు చూపించే గది.

ఆమె కూర్చోలేదు. "ఒక్క మాట అడగడానికి వచ్చాను. నా గదిలో పేషెంట్లు మాట్లాడేవి మీ ఆఫీసుకి వస్తున్నాయా?"

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం పక్క గూట్లోకి వెళ్ళి వచ్చాయి.

"ఇక్కడొద్దు," అన్నాడు గొంతు తగ్గించి. "పద, మెట్ల దగ్గర మాట్లాడుకుందాం."

"ఎందుకు? ఇక్కడేమైంది?"

"పద అంటున్నా కదా."

ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. 'భయపడకండి, దీని ముందు ఏమైనా మాట్లాడుకోండి, గోడలాంటిది ఇది' అని ఆమె పేషెంట్లందరికీ నవ్వుతూ చెప్పిన మనిషి, తన భార్యతో రెండు ముక్కలు మాట్లాడటానికి ఆ గోడ ముందు నిలబడలేకపోయాడు. బస్సులో తను కట్టుకుంటూ వచ్చిన సమాధానాలన్నీ అక్కడే కూలిపోయాయి.

మెట్ల దారిలో సిమెంటు వాసన. బరువైన తలుపు వాళ్ళ వెనక దానంతటదే మూసుకుంది.

"ఎప్పట్నుంచి?"

"అలా అడగకు. ముందు నేను చెప్పేది విను."

"వినడం మీ పని. నేను అడుగుతున్నాను, ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ," అన్నాడు రెయిలింగు వైపు చూస్తూ. "చూడు, నువ్వే అనేదానివి, నా పేషెంట్ల మాట ఈ మిషన్లకి అర్థం కాదని. ఎలా అర్థమవుతుంది? అవి నేర్చుకున్నదంతా చక్కగా మాట్లాడేవాళ్ళ గొంతులతో. నత్తి గొంతు, పడిపోయిన గొంతు ఎక్కణ్ణుంచి తేవాలి? నీ గదిలో తప్ప ఎక్కడున్నాయి? ఇవాళ మాస్టారు లైటు వేసుకుంటున్నారంటే అందుకే. రేపు అలాంటివాళ్ళు లక్షల మంది వేసుకుంటారు. ఇందులో నేను తిన్నదేముంది?"

"అడిగి ఉంటే వాళ్ళే ఇచ్చేవాళ్ళు కదండీ."

"అడిగితే మామూలుగా మాట్లాడరు. బిగుసుకుపోతారు," అన్నాడు.

"మిమ్మల్ని హెడ్‌ని చేసింది ఇందుకేనా?"

ఆయన మెడలోని కొత్త కార్డును చొక్కా జేబులోకి తోసుకున్నాడు. ఆ ప్రమోషన్ వార్త తెలిసిన రోజు ఆమె రెండు పెట్టెల స్వీట్లు కొని, బెంచీ మీదున్న ప్రతివాళ్ళకీ తన చేత్తో పంచింది. మిఠాయి నమలడం రాని మాస్టారికి చిదిపి నోట్లో పెట్టింది. మా ఆయన కష్టపడి పైకొచ్చారండీ అని చెప్పింది కూడా. ఆ మాటా ఎక్కడో ఒక నంబరు కింద టైపు అయి ఉంటుంది.

"దొంగతనంగా చేశానని అనుకోకు," అన్నాడాయన. "పద్ధతి ప్రకారమే జరిగింది. ఒప్పుకోలు ఉంది."

"ఎవరిది?"

"నీదే."

ఆయన ఫోన్ తీసి ఏదో వెతికి, ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. అందులోంచి ఆమె గొంతే వచ్చింది. ఏదో కూర కోస్తున్నట్టు వెనక కత్తిపీట చప్పుడు. "నా పని గదిలో జరిగే సంభాషణలను పరిశీలన కోసం భద్రపరచడానికి నా తరఫునా, అక్కడికి వచ్చేవారి తరఫునా అంగీకరిస్తున్నాను." వెంటనే ఒక నవ్వు. "ఇంకెన్ని చదవాలండీ, చెయ్యి తెగేట్టుంది."

ఆమెకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. కొత్త స్పీకరు వంటింటి బల్ల మీద పెట్టి, నీ గొంతు దానికి అలవాటవ్వాలి, ఈ పది వాక్యాలూ చదువు అని ఫోన్ ముఖం ముందు పెట్టాడు. వాతావరణం గురించి ఒకటి, రైళ్ళ గురించి ఒకటి, మధ్యలో ఇది. ఏది చదువుతున్నదీ చూసుకోలేదు. చదవమన్నది ఆయన కాబట్టి చదివింది.

అన్నిటికన్నా ఆ నవ్వు ఆమెను కోసింది. ఎంత నమ్మకంగా నవ్విందో ఆ ఆడది.

"నువ్వు," అంది ఆమె.

పదహారేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయన చివ్వున తలెత్తాడు.

"నువ్వు నా దగ్గర ఏం తీసుకున్నావో నీకు తెలీదు. ఆ గదికి వచ్చేవాళ్ళు వాళ్ళింట్లో కూడా నోరు విప్పరు. తప్పు మాట్లాడటానికి వాళ్ళకి లోకంలో ఉన్నది అదొక్కటే చోటు. దాన్ని నా గొంతుతోనే అమ్మించావు."

"అమ్మడమేంటి, అంత మాటలొద్దు."

"సరే, వద్దు. ఇవాళ వినిపించే ఆ క్లిప్పు ఆపు. మిగతా సంగతి ఇంట్లో తేల్చుకుందాం."

"మాస్టారిదా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దానికేమైంది? నిద్రపోయాను అన్నాడాయన. పేరు లేదు, ఊరు లేదు. అంత అందమైన క్లిప్పు ఇంకోటి లేదు. డైరెక్టరు విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"దాని ముందు రోజులవి విన్నావా?"

"నేనెందుకు వింటాను? నాకు రిపోర్టులొస్తాయి."

"ఎత్తుకెళ్ళినవాడివి," అంది ఆమె, గొంతు పెంచకుండానే, "విననైనా వినలేదా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "కారణం చెప్పు. ఇప్పుడే వెళ్ళి ఆపిస్తాను. అరగంటలో ప్రోగ్రాం, ఏ కారణమూ లేకుండా తీసెయ్యమంటే నన్ను పిచ్చివాణ్ణి అంటారు."

కారణం నాలుక చివరే ఉంది. రెండు వాక్యాలు చెబితే చాలు, ఈయన రాయేం కాదు, ఆపిస్తాడు. కానీ ఆ రెండు వాక్యాలూ చెబితే, పెదవుల మీద వేలు పెట్టుకున్న ఆ ముసలాయన్ని తనూ పట్టిచ్చినట్టే. పైగా ఎవరికి చెప్పడం, ఈ మనిషికా? ఆమె రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఉదయం వరకూ ఎవరికైనా చెప్పుకోవాలంటే ఈయనకే చెప్పుకునేది.

"కారణం లేదు," అంది చివరికి. "నేనడిగాను. అది చాలదా?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

"ఆలస్యమైపోయింది. ఆయన్నీ, ఆయన భార్యనీ ముఖ్య అతిథులుగా పిలిచాం. కారు కూడా పంపాం. నీకు సంతోషంగా ఉంటుందని చెప్పలేదు."

సంచిలో ఫోన్ మోగింది. పిన్నిగారు.

"ఎక్కడున్నావమ్మా? మేం వచ్చేశాం. కింద పెద్ద తలుపుల దగ్గరున్నాం. అంతా నీ పుణ్యమేనట కదా, మీ ఆయన చెప్పారు. మాస్టారేమో పొద్దుట్నుంచీ రానని మొండికేశారు. అన్నం కూడా తినలేదు. బతిమాలి తెచ్చాను."

ఆమె ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆయన పిలుస్తున్నా ఆగకుండా నాలుగు అంతస్తులూ మెట్ల మీదే దిగింది.

హాలు గుమ్మం దగ్గర జనం మూగి ఉన్నారు. లోపల ఎవరో మైకులో ఒకటి, రెండు, మూడు అంటున్నారు. చక్రాల కుర్చీలో మాస్టారు, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కాలో, ముడుచుకుపోయి కూర్చున్నారు. పిన్నిగారు పట్టుచీర కట్టుకుంది. డాక్టరమ్మను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"పిన్నిగారూ, ఇంటికెళ్ళిపోదాం రండి," అంది ఆమె ఊపిరి అందక. "ఇవాళొద్దు. ఏమీ అడక్కండి."

"అదేంటమ్మా, ఇంతదూరం వచ్చాక." పిన్నిగారు నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుంది. "ఆయన పూర్తిగా పలికిన మొదటి మాట వినిపిస్తారట కదా. ఏడాదైంది నేను ఈయన నోట ఒక నిండు మాట విని. ఇంత మందిలో ఏడ్చేస్తానేమోనని భయంగా ఉంది. నువ్వక్కడే ఉన్నావు కదా, నా చెవిలో ముందే చెప్పెయ్. ఏమన్నారు?"

ఇన్నేళ్ళుగా ఎందరికో మాట అందించిన మనిషికి ఒక్క అక్షరం దొరకలేదు. పిన్నిగారి నవ్వు మెల్లమెల్లగా తగ్గింది. ఆవిడ చూపు డాక్టరమ్మ ముఖం మీంచి జారి, భర్త ముఖం మీదకు వెళ్ళి అక్కడే ఆగింది.

"ఏమన్నారండీ మీరు?" అని ఆయన్నే అడిగింది.

లోపల హాల్లో దీపాలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. అందర్నీ వచ్చి కూర్చోమంటున్నారు. మాస్టారు ఎడమచేత్తో కుర్చీ చక్రాన్ని గట్టిగా పట్టుకుని, లోపలికి కదలనివ్వకుండా ఆపి, భార్య కళ్ళలోకి చూశారు. ఆయన పెదవులు వణికాయి. మెడ నరం ఉబ్బింది. ఎవరూ అందించకుండానే, ఎవరూ తొందరపెట్టకుండానే, ఆయన నోరు తెరిచారు.

"ఆ... రోజు..."